దీన్‌దయాళ్ గాజు పలకలు – మన చేతి కెమెరాలు

వరికోతల కాలమున వర్ని ప్రాంతమునకు పోయినవారికి అచ్చటి గాలి యెట్లుండునో తెలియును. నిజాంసాగర్ కాలువల క్రింద పండిన పొలములలో కోతయంత్రములు తిరుగుచుండగా దుమ్మును పొట్టును లేచి, పొద్దుగూకు వేళ వెలుగును బంగారు వన్నెకు తిప్పివేయును. ఛాయాచిత్రము తీయదలచినవానికి అంతకంటె మంచి వెలుగు దొరకదు. కెమెరాకు అంతకంటె చెడ్డ గాలియు దొరకదు. అట్టి యొక సాయంకాలము కాలువగట్టుమీద ఒక యువకుడు తన డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమెరాకు లెన్సు మార్చుచుండగా మేము చూచితిమి. కెమెరా నోరు ఆకాశమువైపు తెరచి యున్నది. తీసిన లెన్సు చంకలో నున్నది. పెట్టవలసిన లెన్సును సంచిలో వెదకుచున్నాడు. మేము దగ్గరకు పోయి, "నోరు కిందికి వంచు నాయనా, దుమ్ము పడుతుంది" అంటిమి. అతడు నవ్వి, "పడితే ఏమైతది సార్, తుడుస్తే పోతది కద" అనెను.

తుడిచిన పోవునా పోదా యన్నది చిన్న ప్రశ్నవలె కనబడును. కాని ఛాయాగ్రహణము పుట్టిన నాటినుండి ఈ దేశమున ఆ విద్య నభ్యసించినవారందరును ఏదో యొక రూపమున ఈ ప్రశ్నను ఎదుర్కొనినవారే. ఎండ, చెమ్మ, ధూళి – ఈ మూడింటితో వారు పడిన పాట్లు తెలిసికొన్నచో మన చేతిలోని కెమెరాను ఎట్లు కాపాడుకొనవలెనో సగము తెలిసినట్లే. అందుచేత ఈ ప్రసంగమును కొంత వెనుకనుండి ఆరంభింతుము.

1839వ సంవత్సరము ఆగస్టు 19వ తేదీన పారిస్ నగరమున డాగ్యూర్ కనిపెట్టిన విధానమును లోకమునకు వెల్లడించిరి. వెండిపూత పూసిన రాగిరేకుమీద చిత్రము నిలుపు విధానమది. కొలది యేండ్లలోనే అది ఓడలెక్కి మన రేవుపట్టణములకు వచ్చెను. మద్రాసులో 1856లో ఛాయాగ్రాహకుల సంఘమే యేర్పడెను. అయితే అప్పటికే, 1851లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను నాతడు మరియొక విధానమును ప్రకటించి యుండెను. దానికి తడి పలక విధానమని పేరు. మన దేశమున తొలితరము ఛాయాగ్రాహకులలో పెక్కుమంది చేతులు కాల్చుకొన్నది ఈ తడి పలకతోనే.

ఆ విధానము ఇట్టిది. ఆమ్లములతో సంస్కరించిన దూదిని ఈథరు, ఆల్కహాలు కలిపిన ద్రవములో కరగించగా కలోడియన్ అను జిగురు వచ్చును. దానిని గాజు పలకపై సమముగా పారించి, చీకటిలో వెండి లవణపు నీటిలో ముంచి, తడి యారకమునుపే కెమెరాలో నుంచి చిత్రము పట్టి, తడి యారకమునుపే మరల చీకటి గుడారమున దానిని కడిగి బయటపెట్టవలెను. చల్లని దేశమున దీనికి పది నిమిషముల గడువుండునేమో. దక్కను ఎండలో అంతయు దొరకదు. ఈథరు సుమారు 35 డిగ్రీల వేడిమికే మరిగిపోవు ద్రవము. మే నెలలో నిజామాబాదు వైపు 45 డిగ్రీల ఎండ కాయును. సీసా మూత తీయగనే సరకు సగము గాలిలో కలిసిపోవునన్నమాట! ఇక తడి పలకకు దుమ్ము అంటినచో తుడుచుటకు వీలే లేదు. ఆ నలుసు చిత్రముతోపాటు శాశ్వతముగా నిలిచిపోవును. కనుక ఆనాటి ఛాయాగ్రాహకుడు చిత్రము తీయుటకు ముందు గుడారమున నీళ్లు చల్లించి, తెరలు తడిపించి, దుమ్ము అణగువరకు వేచియుండెడివాడు. చిత్రము తీయుట క్షణము పని. తక్కిన దంతయు సంరక్షణయే.

ఇట్టి కాలమున ఈ విద్య నేర్చి మన హైదరాబాదు రాజ్యమునకు వచ్చినవాడు లాలా దీన్‌దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపమున సర్ధానాలో జన్మించి, రూర్కీలోని థామ్సన్ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇందూరు నగరమున ప్రభుత్వ పనుల శాఖలో కొలువున చేరెను. (మన నిజామాబాదుకు పాతపేరైన ఇందూరు కాదు, మధ్యభారతమునందలి ఇందోర్.) పటములు గీయుట, అంచనాలు వేయుట ఆయన ఉద్యోగము. ఛాయాగ్రహణము మొదట ఆయనకు వేడుక మాత్రమే. 1870ల నడుమ దానిని పట్టుకొని, అటుపిమ్మట కొలువే విడిచిపెట్టెను. నేటి యభిరుచిపరులు ఈ సంగతిని గమనింపదగును. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా చేసికొనెను. సికింద్రాబాదులో ఆయన స్టూడియో వెలసెను. 1892లో హైదరాబాదునందు ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగా ఒక స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో నుంచెను. ఆ తెరల లోపల అంతయు స్త్రీలే పనిచేసెడివారట. నిజాము ఆయనకు రాజా బిరుదమును, ముసవ్వర్ జంగ్ అను బిరుదమును ఇచ్చెను. దర్బారులు, వేటలు, సైనిక విన్యాసములు, కోటలు, కరవు సహాయపు పనులు – హైదరాబాదు రాజ్యపు ఆనాటి ముఖము మనకు కనబడుచున్నదన్నచో అది చాలవరకు ఆయన చూపిన ముఖమే. 1905లో ఆయన కాలధర్మము నొందెను.

దీన్‌దయాళ్ హైదరాబాదుకు వచ్చునాటికి తడి పలక పోయి ఎండు పలక వ్యాప్తికి వచ్చుచుండెను. 1871లో రిచర్డ్ మాడాక్స్ అను వైద్యుడు సూచించిన మార్గమిది. గాజుమీద కలోడియనునకు మారుగా జెలటిను పూత. దీనిని ముందుగా చేసి పెట్టెలో దాచుకొనవచ్చును, తీరికగా కడుగవచ్చును. ఎండ బాధ తగ్గెను. కాని చెమ్మ బాధ పెరిగెను. జెలటిను జంతువుల ఎముకలనుండి, చర్మమునుండి తీయు పదార్థము. వెచ్చని నీటిలో అది ఉబ్బి అంచులనుండి లేచిపోవును. కనుక వేడి దేశములలో పటిక నీటితో దానిని గట్టిపరచెడివారు. వానకాలమున మరియొక ముప్పు. జెలటిను మనము వేసిన భోజనము వంటిది, బూజు దానిని వెదకుకొని వచ్చును. పలకను హైపో ద్రావణమునుండి తీసి చాలినంతసేపు కడుగనిచో, కొన్నాళ్లకు చిత్రము పసుపెక్కి మాసిపోవును. ఇన్ని నీళ్లు, ఇంత ఆరబెట్టుట, ప్రతి పలకకు ఒక కాగితపు సంచి, ప్రతి పెట్టెకు ఒక సంఖ్య – ఇది యొక పెద్ద గృహస్థుని ధాన్యపు కొట్టు నిర్వహణవంటి పని.

ఆ పని సరిగా జరిగినందువలననే 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము దీన్‌దయాళ్ స్టూడియోకు చెందిన 2,857 గాజు పలకలను సేకరింపగలిగెను. ఆ స్టూడియో తీసిన పలకలన్నింటిలో అవి కొంతభాగము మాత్రమే. ఐనను, నూరేండ్లు దాటిన గాజు పలకను నేడును వెలుతురున కెత్తి చూడవచ్చును, దానినుండి చిత్రము అచ్చొత్తవచ్చును. ఈ మాట శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. మరల దీనికి వచ్చెదము.

1888లో అమెరికాలో జార్జి ఈస్ట్‌మన్ కొడాక్ అను పెట్టె కెమెరాను విక్రయమునకు పెట్టెను. అందులో నూరు చిత్రములకు చాలిన చుట్ట యుండును. కొన్నవాడు మీట నొక్కుట తప్ప మరేమియు చేయనక్కరలేదు. చుట్ట అయిపోయినంతనే కెమెరాను కంపెనీకి పంపినచో వారే కడిగి, అచ్చొత్తి, క్రొత్త చుట్ట నింపి తిరిగి పంపెదరు. ఛాయాగ్రహణ చరిత్రలో దీనిని గొప్ప సౌకర్యముగా చెప్పుదురు. నిజమే. కాని మా దృష్టికి మరియొకటి తోచుచున్నది. ఆనాటినుండి సంరక్షణ యన్నది ఛాయాగ్రాహకుని చేతినుండి జారి పరుల చేతికి పోయినది. మన పల్లెలలోను అట్లే జరిగెను. 1960లో ఉదకమండలమున హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ స్థాపితమై, ఆ తరువాత ఇందు అను పేర ఫిల్ములు వచ్చెను. ఫిల్ము కొనుట, తీయుట, ఊరి స్టూడియోలో ఇచ్చుట, వారము తిరిగిన పిమ్మట చిత్రములు తెచ్చుకొనుట – అంతే. నెగటివును స్టూడియోవాడు కాగితపు తొడుగులో పెట్టి ఇచ్చెడివాడు. అది బీరువాలో పడియుండెడిది. ఏమియు చేయకయే అది దశాబ్దములు నిలిచెడిది.

ఇక మన ఎస్.ఎల్.ఆర్. కెమెరా. లెన్సు వెనుక నలుబదియైదు డిగ్రీల వాలుగా ఒక అద్దము నుంచి, లెన్సు చూచుదానినే కంటికి చూపవలెనన్న యోచన పాతది. 1861లోనే థామస్ సటన్ దీనికి ఇంగ్లండున హక్కుపత్రము పొందెను. 35 మిల్లీమీటర్ల ఫిల్మునకు ఈ ఏర్పాటు 1936లో జర్మనీవారి కినె ఎగ్జాక్టాతో వచ్చెను. ఐదు మూలల గాజుపట్టకము చేర్చి, కంటికెదురుగా చిత్రము నిటారుగా కనబడునట్లు చేసినది 1949లో కాంటాక్స్ ఎస్. 1959లో జపానునుండి నికాన్ ఎఫ్ వచ్చి, పత్రికా ఛాయాగ్రాహకుల మెడలలో వ్రేలాడెను. ఫిల్మునకు మారుగా సిలికాను పలకను పెట్టి, 1991లో కొడాక్ వారు నికాన్ ఎఫ్3 శరీరముతోనే తొలి వ్యాపారపు డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.ను విక్రయించిరి. దాని చిత్రమున 13 లక్షల బిందువులు మాత్రమే. చిత్రములను దాచు పెట్టె వేరుగా నుండెడిది. దానిని భుజమునకు తగిలించుకొని నడువవలసివచ్చెడిది. దీన్‌దయాళ్ నాటి గుడారము, పెట్టెలు మరల ఛాయాగ్రాహకుని భుజమెక్కినట్లు మాకు తోచును! 1999లో నికాన్ డి1, 2003లో సామాన్యులకు కొంత అందుబాటైన కానన్ 300డి వచ్చిన పిమ్మట ఈ యంత్రము మన పెండ్లి పందిళ్లకు చేరెను.

ఇచ్చట ఒక మార్పు జరిగినది. దానిని చాలమంది గమనింపలేదు. ఫిల్ము కెమెరాలో ప్రతి చిత్రమునకు ఒక క్రొత్త తునక ముందుకు వచ్చును. ఒక తునకమీద దుమ్ము పడినను అది చుట్టతోపాటు ముందుకు కదలిపోవును. డిజిటల్ కెమెరాలో సెన్సారు ఒక్కటే, కెమెరా బ్రదికినంత కాలము అదియే. దానిమీద పడిన నలుసు నేటి చిత్రమునను, రేపటి చిత్రమునను, తీయకున్నంత కాలము ప్రతి చిత్రమునను అదే చోట కనబడును. అనగా మనము తిరిగి గాజు పలకవాని స్థితికే వచ్చితిమి. తయారీదారులు దీనిని త్వరగానే గుర్తించిరి. 2003లో ఒలింపస్ ఇ-1 కెమెరాలో సెన్సారు ముందరి గాజును అతివేగముగా కంపింపజేసి దుమ్మును దులుపు ఏర్పాటు పెట్టిరి. తరువాత అది ఇతరులకును ప్రాకెను. కాని జిడ్డుగా అంటిన దానిని అది దులుపలేదు.

కనుక ఆ యువకునికి చెప్పవలసిన సమాధానమిది. లెన్సు మార్చుటకు ముందు కెమెరాను ఆపివేయవలెను. గాలికి వీపు తిప్పి నిలువవలెను. పెట్టవలసిన లెన్సును ముందుగా సంచినుండి తీసి, వెనుక మూత వదులుచేసి, చేతికందునట్లు పెట్టుకొనవలెను. అటుపిమ్మట కెమెరా నోరు నేలవైపు వంచి, రెండు మూడు క్షణములలో పని ముగింపవలెను. కోతలు జరుగు పొలమునందును, ధాన్యపు మిల్లు పొట్టు ఎగురుచోటను అసలు మార్చకుండుటయే మేలు. ఆ పూటకు ఒకే లెన్సుతో సరిపెట్టుకొనవలెను. దీన్‌దయాళ్ వంటివారికి దుమ్ము అణగువరకు వేచియుండు ఓపిక యుండినది, మనకు కారులో కూర్చుండి తలుపు మూసికొను వీలున్నది.

సెన్సారుమీద దుమ్మున్నదో లేదో తెలిసికొనుటకు అపర్చరును ఎఫ్16కు తగ్గించి, మేఘము లేని ఆకాశమును ఒక చిత్రము తీసి, కంప్యూటరున పెద్దది చేసి చూడవలెను. నలుసులు బూడిదరంగు చుక్కలుగా కనబడును. అట్లున్నచో బ్యాటరీ నిండుగా నున్నప్పుడు, కెమెరా పట్టికలో సెన్సారు శుభ్రపరచుటకు అద్దము నెత్తు ఏర్పాటును ఎన్నుకొని, నోరు క్రిందికి ఉంచి, రబ్బరు బ్లోయరుతో గాలి కొట్టవలెను. బ్యాటరీ నడుమ అయిపోయినచో అద్దము పడిపోవును. అందుచేతనే నిండుగా నుండవలెనంటిమి. నోటితో ఊదరాదు, ఉమ్మి తుంపర పడును. డబ్బాలలో వచ్చు ఒత్తిడిగాలి వాడరాదు. దాని ద్రవము చిమ్మి మరకలు చేయును. బ్లోయరుతో పోనిదానిని తెలిసినవారి కప్పగించుటయే మంచిది. లోపలి అద్దమును మాత్రము వ్రేలితోగాని గుడ్డతోగాని తాకరాదు. దాని పూత పైముఖముననే యుండును, ఇట్టే గీతలు పడును. మరియొక మాట. వ్యూఫైండరులో కనబడు నలుసు చిత్రమున పడదు. చిత్రమున పడు నలుసు వ్యూఫైండరులో కనబడదు. మొదటిదానికి భయపడి, రెండవదానిని మరచువారే హెచ్చు. లెన్సు ముఖమును భుజముమీది కండువాతో తుడుచు అలవాటు మనవారికి గట్టిగా నున్నది. ముందు గాలి, తరువాత మెత్తని కుంచె, అంతకును పోనిచో మాత్రమే లెన్సులకై అమ్ము మెత్తని గుడ్డ.

చెమ్మ విషయమున మాకు స్వానుభవమే యున్నది. ఒక వానకాలము మేము ఒక లెన్సును తోలు సంచిలోనే పెట్టి బీరువాలో నుంచి మరచితిమి. నాలుగు నెలలకు తీసి దీపము వెలుగున చూడగా లోపలి గాజుమీద సాలెగూడువంటి పోగులు. బాగుచేయువానికి ఇచ్చితిమి, బూజు పోయినది గాని, అది స్రవించిన ఆమ్లము గాజు పూతను తినివేసిన చిహ్నము మిగిలిపోయినది. పాతికవేల రూపాయల వస్తువు మబ్బుపట్టిన కన్నైనది. జెలటిను పలకను తిన్న బూజునకు దీనికిని జాతి యొక్కటే. చెమ్మ, చీకటి, కదలని గాలి దానికి చాలును. కావున వానకాలమున తోలు సంచిలో నుంచరాదు. గాలి చొరని మూతగల ప్లాస్టిక్ పెట్టెలో సిలికా జెల్ పొట్లములతో నుంచి, లోపలి తేమ నూటికి నలుబది, యేబది నడుమ ఉండునట్లు చూచుకొనవలెను. ఆ చెమ్మను చూపు చిన్న గడియారము అంగడిలో కొద్ది వెలకే దొరకును. రంగు మారిన జెల్‌ను వేడిచేసి మరల వాడవచ్చును, కాని వంటపాత్రలో కాదు. నీలిరంగు జెల్‌లో కోబాల్టు విషము కలదు. పెట్టెలో బియ్యము పోయుదురు కొందరు. తవుడు దుమ్ము చేరుట తప్ప దానివలన ప్రయోజనము లేదు. వీటన్నింటికంటె మంచి మందు వారమునకొకసారి కెమెరాను బయటికి తీసి వాడుట. ఏ.సి. గదినుండి వానకాలపు గాలిలోనికి పోవునప్పుడు కెమెరాను సంచిలోనే అరగంట యుంచవలెను, లేనిచో చల్లని గాజుమీద నీరు పట్టును.

ఎండనుగూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. మూసిన కారులో కెమెరాను వదలరాదు. లోపలి నూనెలు పలుచనై లెన్సు రెక్కలమీదికి ప్రాకును, బ్యాటరీ చెడును. నెలలతరబడి వాడనిచో బ్యాటరీని సగము ఛార్జితో వేరుగా తీసి పెట్టవలెను.

ఇక గాజు పలకల మాటకు వచ్చెదము. మేమెరిగిన ఒక యింట, నిజాంసాగర్ క్రింద భూములు కొని కోస్తానుండి వచ్చిన తాతగారి పెండ్లినాటి చిత్రము గోడమీద నేటికిని చెక్కుచెదరక యున్నది. అదే యింట 2009లో జరిగిన మనుమరాలి పెండ్లికి వేయి చిత్రములు తీసిరి. అవి ఒక హార్డు డిస్కులో నుండినవి. డిస్కు పని మానివేసెను. రెండవ ప్రతి లేదు. ఆ పెండ్లిలో కూర్చున్న పెద్దలలో ముగ్గురు గతించిరి. వారి కడపటి చిత్రములు అవియే. అమ్మాయి తల్లి, "గోడ మీద ఒక్కటన్నా పెట్టించి ఉంటే బాగుండు" అని మాతో ననెను. అచ్చొత్తించుట ఖర్చని మానివేసిరట.

ఫిల్ము నెగటివు బీరువాలో నిద్రించియు బ్రదుకును. డిజిటల్ చిత్రము అట్లు బ్రదుకదు. డిస్కు చెడును, కార్డు చెడును, వాటిని చదువు యంత్రములు మారిపోవును. కొడాక్ వారు 1888లో మననుండి తీసికొన్న పని, డిజిటల్ కెమెరాతో మరల మన యింటికే వచ్చినది. వచ్చినదని మనకెవ్వరును చెప్పలేదు. కనుక చిత్రములు తీసిన రాత్రియే రెండు వేరు డిస్కులలోనికి ఎక్కింపవలెను; అందొకటి వేరొక యింట, బంధువుల యొద్దనైనను ఉండవలెను. రెండు ప్రతులును తెరచి చూచిన పిమ్మటనే కార్డును, అదియు కెమెరాలోనే, ఫార్మాటు చేయవలెను. కార్డు దీపము వెలుగుచుండగా దానిని లాగరాదు. నాలుగైదేండ్ల కొకసారి క్రొత్త డిస్కునకు మార్చవలెను. ఏటి చిత్రములలో ఇరువదింటినైన మంచి కాగితముమీద అచ్చొత్తించి, వెనుక పెన్సిలుతో పేరు, ఊరు, తేదీ వ్రాయవలెను. దీన్‌దయాళ్ స్టూడియోలో పలకలకు సంఖ్యలు వేసినది ఇందుకొరకే.

ఈ కెమెరాల విషయమై మరియొక సంగతి. అద్దములేని కెమెరాలు వచ్చిన తరువాత పెద్ద తయారీదారులు ఎస్.ఎల్.ఆర్.లను విడిచిపెట్టుచున్నారు, కానన్, నికాన్ సంస్థల అగ్రశ్రేణి ఎస్.ఎల్.ఆర్.లు రెండును 2020లో వచ్చినవి, ఆ పిమ్మట వాటికి వారసులు రాలేదు. అందుచేత పాతవి చవుకగా చేతులు మారుచున్నవి. వర్నివంటి చోట్ల యువకుల చేతికి అవియే వచ్చుచున్నవి. కొనువారు లెన్సును చిన్న టార్చి వెలుగున ఇటునటు త్రిప్పి బూజు చూడవలెను. షట్టరు ఎన్నిమార్లు కొట్టినదో అడుగవలెను. చిన్నశ్రేణి కెమెరాల షట్టరును సుమారు 1,00,000 మార్లకు లెక్కకట్టి చేయుదురు. ఆకాశపు పరీక్షయు అక్కడనే చేయవలెను.

ఆనాటి యువకుడు తన కెమెరాను అట్లే నిజామాబాదులో పాతదిగా కొన్నాడట. పొద్దు పూర్తిగా వాలకమునుపు అతనిచేత ఎఫ్16న ఆకాశమును ఒక చిత్రము తీయించితిమి. వర్నిలో టీ హోటలు ముందు బల్లమీద కూర్చుండి కెమెరా తెరపై దానిని పెద్దదిచేసి చూచితిమి. తొమ్మిది చుక్కలు కనబడెను. అతడు తన పాత చిత్రములు తీసి చూచుకొనెను. బడాపహాడ్ ఉర్సునాటి చిత్రములలోను అవే తొమ్మిది, అవే చోట్ల. హోటలు మూసిన గదిలో, పంకా ఆపించి, మా సంచిలోని బ్లోయరుతో అతడే నాలుగుమార్లు గాలి కొట్టెను. ఆరు పోయినవి. మూడు మిగిలినవి.